యుద్ధమైతే సైబర్ బీమా క్లెయిమ్ రాదట. మరి అది యుద్ధమని తేల్చేదెవరు?

2017 మే నెలలో వానాక్రై అనే వైరస్ దేశదేశాల కంప్యూటర్లకు తాళాలేసింది. మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ దెబ్బ పోలీసు శాఖకు తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం జిల్లాలతో పాటు శ్రీకాకుళం పేరు కూడా ఆ జాబితాలో ఉంది. మొత్తం 18 పోలీసు యూనిట్లలో కంప్యూటర్లు మొరాయించాయని అప్పట్లో అధికారులే చెప్పారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఆ దాడి ఉత్తర కొరియా పనేనని ప్రకటించింది.

ఉత్తర కొరియాకీ శ్రీకాకుళానికీ ఏం తగువు? ఏమీ లేదు. అయినా దెబ్బ ఇక్కడిదాకా వచ్చింది. ఆ రోజు ఆగిపోయిన కంప్యూటర్లు ఒక జీడిపప్పు వ్యాపారివో, ఒక నర్సింగ్ హోమ్‌వో అయి, వాళ్లకు సైబర్ బీమా ఉండి ఉంటే కంపెనీ డబ్బిచ్చేదా? లేక "ఇది ఒక దేశం చేసిన దాడి, యుద్ధం కిందికి వస్తుంది, పాలసీలో మినహాయింపు ఉంది" అని చేతులెత్తేసేదా?

ఈ ప్రశ్నను నా ముందు పెట్టింది పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే మా బావ. 2025 మే మొదటి పది రోజుల్లో సంగతి అది. పాకిస్తాన్ సరిహద్దులో డ్రోన్లు, విశాఖలో మాక్ డ్రిల్, టీవీ పెడితే సైరన్ల మోత. ఆ టెన్షన్‌లోనే ఆయన సైబర్ పాలసీ రెన్యువల్ కాగితాలు వచ్చాయి. సరుకు కొనే విదేశీ పార్టీ అడిగిందని రెండేళ్ల కిందట తీసుకున్న పాలసీ. ఈసారి దాని వెనక రెండు పేజీల ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతుల కాగితం, కొత్తగా వచ్చి చేరింది.

"ఏటోయ్, యుద్ధమైతే డబ్బులివ్వరంట. ఇప్పుడు జరుగుతున్నది యుద్ధమేనా కాదా? రేప్పొద్దున మన లెక్కల టాలీ లాకైపోతే, అది ఎవుడు సేసినాడో ఎవుడు సెప్తాడు?" అన్నాడు ఫోన్లో.

బీమా కాగితాలు చదివి జనానికి విడమరచి చెప్పడం నా పని. ఆ చివరి ప్రశ్నలో ఆయన అసలు ముడి పట్టుకున్నాడు. యుద్ధ మినహాయింపు చిక్కంతా అక్కడే ఉంది.

కంపెనీల భయం ఎక్కడ మొదలైంది

బీమా అంటే వందమంది చందా వేసి, ఇల్లు కాలిన ఒకడికి కట్టివ్వడం. ఏడాదిలో ఒక రైస్ మిల్లు కాలుతుంది, మిగతావి నడుస్తుంటాయి కాబట్టి లెక్క సరిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు ఆ లెక్క ఎలా తలకిందులైందో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక తోట పడిపోయి పక్క తోట నిలబడలేదు. కొబ్బరి, జీడి, రేకుల షెడ్లు, కరెంటు స్తంభాలు, అన్నీ ఒక్క రాత్రికే పోయాయి. అయినా బీమా కంపెనీ మునిగిపోదు. తుపాను ఉద్దానంలో వస్తే అనంతపురంలో రాదు. అక్కడి ప్రీమియం ఇక్కడికి పనికొస్తుంది. అదీ చాలకపోతే కంపెనీ తన పాలసీలకు తానే బీమా చేయించుకున్న రీఇన్సూరెన్స్ సంస్థలు బయటి దేశాల్లోనూ ఉంటాయి.

యుద్ధం అలా కాదు, దేశం మొత్తాన్నీ ఒకేసారి దెబ్బ తీస్తుంది. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలై, ఊళ్లమీద బాంబులు పడటం చూశాక, 1937లో బ్రిటిష్ బీమా కంపెనీలన్నీ కూడబలుక్కుని నేలమీది ఆస్తులకు యుద్ధ నష్టం కట్టివ్వబోమని తీర్మానించుకున్నాయి. మన ఫైర్ పాలసీల్లో ఈనాటికీ కనిపించే యుద్ధ మినహాయింపు ఆ తీరుదే. ఓడలకు మాత్రం విడిగా యుద్ధ బీమా దొరుకుతుంది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. మన విజయనగరం, శ్రీకాకుళం అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. ఆ రోజుల్లో ప్రైవేటు కంపెనీలు తప్పుకున్న చోట ప్రభుత్వం వచ్చి నిలబడింది. సరుకులకు 1940లో, ఫ్యాక్టరీలకు 1942లో యుద్ధ బీమా ఆర్డినెన్సులు తెచ్చింది. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడూ, 1971లోనూ ఇలాంటి చట్టాలే చేశారు. సైబర్ దాడులకు ఆ తరహా సర్కారు బీమా మన దేశంలో లేదు. అది ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఒక దేశం వేసిన దెబ్బ ఒక చిన్న వ్యాపారి మీద పడితే, దాన్ని మోయాల్సింది అతనొక్కడే కాకూడదు.

సైబర్ దాడి విషయంలో కంపెనీలకు యుద్ధం కంటే పెద్ద భయం పట్టుకుంది. తుపానుకు ఒక దారి, ఒక తీరం ఉంటాయి. వైరస్‌కు అవి లేవు. అనంతపురం ప్రీమియంతో ఉద్దానాన్ని ఆదుకుందామంటే, రెండు చోట్లా అదే విండోస్, అదే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. మునగడం మొదలైతే అన్నీ ఒకేసారి మునుగుతాయి. ఆ భయాన్ని నిజం చేసి చూపించింది నాట్‌పెట్యా అనే వైరస్.

ఒక మందుల కంపెనీ గెలిచిన కేసు

2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఎంఈడాక్ అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఆ వైరస్‌ను దూర్చారు. మనకు జీఎస్టీ సాఫ్ట్‌వేర్ ఎలాగో వాళ్లకు అది అలాంటిది. గురి ఉక్రెయిన్ మీదే అయినా, ఆ దేశంలో ఆఫీసులున్న ఎన్నో పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌లలోకి వైరస్ పాకింది. మేర్‌స్క్ అనే ఓడల కంపెనీ కంప్యూటర్లు పడిపోయి, ముంబై దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఆ సంస్థ నడిపే టెర్మినల్ పని కూడా ఆగింది. మేర్‌స్క్ నాలుగు వేల సర్వర్లు, 45 వేల కంప్యూటర్లను మళ్లీ మొదట్నుంచి ఎక్కించుకోవాల్సి వచ్చింది. మొత్తం నష్టం వెయ్యి కోట్ల డాలర్లు దాటిందని అమెరికా లెక్కకట్టింది. 2018 ఫిబ్రవరిలో బ్రిటన్, అమెరికా ఇది రష్యా సైన్యం పనేనన్నాయి.

అమెరికా మందుల కంపెనీ మెర్క్‌లో మొదటి 90 సెకన్లలో దాదాపు పదివేల కంప్యూటర్లు, అయిదు నిమిషాల్లో ఇరవై వేలు పోయాయి. చివరికి 40 వేలు దాటాయి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. ఏ బ్యాచ్‌లో ఏం కలిసిందో రికార్డు లేకపోతే సరుకు సిద్ధంగా ఉన్నా గేటు దాటదు.

మెర్క్ 140 కోట్ల డాలర్లకు క్లెయిమ్ పెట్టింది. అది సైబర్ పాలసీ కాదు, ఆస్తికి ఏ రకంగా నష్టం వచ్చినా వర్తించే మామూలు పాలసీ. అందులో పాతకాలపు యుద్ధ మినహాయింపు ఉంది: శాంతికాలంలోగానీ యుద్ధకాలంలోగానీ ఒక ప్రభుత్వమో దాని సైన్యమో చేసిన శత్రుచర్య, యుద్ధం లాంటి చర్య వల్ల వచ్చిన నష్టం కవర్ కాదని. "రష్యా సైన్యం చేసిందంటున్నారుగా, ఇది శత్రుచర్యే" అన్నాయి బీమా కంపెనీలు.

న్యూజెర్సీ కోర్టు 2021 డిసెంబరులో మెర్క్ వైపు తీర్పిచ్చింది. 2023 మే 1న అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఆ తీర్పుల్లో రెండు మాటలు మనకు పనికొస్తాయి. ఒకటి, యుద్ధం లాంటి చర్య అంటే మామూలు మనిషికి తోచే అర్థం సైనిక చర్య. ఎక్కడో లెక్కల సాఫ్ట్‌వేర్‌లో దూర్చిన వైరస్ వచ్చి మందుల కంపెనీని ముంచడం దానికిందికి రాదు. రెండోది నాకు మరీ నచ్చింది. దేశాలు సైబర్ దాడులు చేస్తాయని బీమా కంపెనీలకు ఏళ్ల తరబడి తెలుసు. అయినా క్లాజులో మాట మార్చలేదు. మార్చకుండా ప్రీమియం తీసుకుని, నష్టం వచ్చాక కొత్త అర్థం చెబితే చెల్లదు. అక్కడి సుప్రీంకోర్టు విచారణకు ముందు, 2024 జనవరిలో రెండు పక్షాలూ రాజీపడ్డాయి.

క్యాడ్‌బరీ చాక్లెట్లు చేసే మాండెలీజ్‌ది కూడా ఇదే గొడవ. మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ ఉన్న కంపెనీయే అది. 1,700 సర్వర్లు, 24 వేల లాప్‌టాప్‌లు పోయి, పది కోట్ల డాలర్లకు పైగా నష్టమని అడిగితే, జ్యూరిక్ అనే బీమా కంపెనీ యుద్ధ మినహాయింపు చూపించింది. ఆ కేసు 2022లో రాజీతో ముగిసింది.

మెర్క్ గెలిచింది కదా, మనకూ ఢోకా లేదనుకోకూడదు. అది పాత క్లాజు మీద గెలుపు. కోర్టు "మాట మార్చలేదు" అంది. ఆ తర్వాత కంపెనీలు మాట మార్చాయి. మా బావ కాగితాల వెనక చేరిన ఆ రెండు పేజీలు అవే.

ఆ రెండు పేజీల్లో ఏముంది

లండన్‌లో లాయిడ్స్ అనే పెద్ద బీమా బజారు ఉంది. 2022 ఆగస్టులో అది తన సభ్యులకు ఒక ఆదేశమిచ్చింది. 2023 మార్చి 31 నుంచి మొదలయ్యే, రెన్యువల్ అయ్యే ప్రతి విడి సైబర్ పాలసీలోనూ యుద్ధాన్నే కాక, దేశాలు వెనకుండి చేయించే పెద్ద సైబర్ దాడుల్ని కూడా మినహాయించాలంది. అంతకుముందే, 2021 నవంబరులో, లండన్ మార్కెట్ సంఘం నమూనా క్లాజులు రాసిపెట్టింది. బయటి రీఇన్సూరెన్స్ మీద ఆధారపడే పాలసీల్లోకి అక్కడి మాటలు రావడం మామూలే.

నేను పలాస వెళ్లి బావ ఆఫీసులో కూర్చున్నాను. అవతల గదిలో ఆడవాళ్లు పప్పు గ్రేడింగ్ చేస్తున్నారు, కాల్చిన పిక్కల వాసన లోపలికి వస్తోంది. టాలీ ఉన్న కంప్యూటర్ పక్కన కాగితాలు పరిచి, పెన్సిల్ పట్టుకుని ఒక్కొక్క వాక్యం చదివాం.

మొదటి వాక్యం సూటిగా ఉంది. ఒక దేశం మరో దేశం మీద ఆయుధబలం ప్రయోగిస్తే యుద్ధం. ఆ యుద్ధంలో భాగంగా జరిగిన సైబర్ దాడికి డబ్బు రాదు. బావ వేలు అక్కడే ఆగిపోయింది. "సరిహద్దులో మిసైళ్లు పడితే మనకి రాదన్నమాట" అన్నాడు. అంత తేలిగ్గా అనలేం. అలాంటి రోజుల్లో ఏదో దొంగల ముఠా, డబ్బిస్తేనే ఫైళ్లు తెరుస్తామనే ర్యాన్సమ్‌వేర్ పంపితే అది యుద్ధంలో భాగం కాదు. అదే వారంలో జరిగింది కాబట్టి యుద్ధమే అనడానికి ఈ వాక్యం ఒప్పుకోదు. ఒక దేశం చేసిందనీ, యుద్ధంలో భాగంగానే చేసిందనీ రెండూ తేలాలి.

రెండో వాక్యం కొత్తది. యుద్ధం లేకపోయినా, ఒక దేశం చేసిన సైబర్ దాడి వల్ల మరో దేశపు నడక బాగా కుంటుపడితే, అంటే బ్యాంకులు, ఆసుపత్రులు, కరెంటు లాంటి అత్యవసర సేవలు పెద్ద ఎత్తున ఆగితే, ఆ దాడి నష్టాలకు డబ్బు రాదు. ఎంత ఆగితే "బాగా" ఆగినట్టు? దానికి కొలత లేదు. రేపు గొడవపడేది ఈ ఒక్క మాట మీదే.

మూడోది మేలు చేసే వాక్యం, అన్ని పాలసీల్లోనూ ఉండదు. దాడి గురి వేరే దేశం మీద ఉండి, దారినపోయే మీ కంప్యూటర్‌కు తగిలితే ఆ రెండో మినహాయింపు వర్తించదంటుంది. అంటే నాట్‌పెట్యా గురి ఉక్రెయిన్, తగిలింది ముంబై. 2017లో శ్రీకాకుళం కంప్యూటర్లకు కూడా ఎవరూ గురిపెట్టకుండానే దెబ్బ తగిలింది. మనలాంటి ఊళ్లవాళ్ల మీద ఏ దేశమూ పనిగట్టుకుని దాడి చేయదు. మనకు వచ్చేదంతా పక్కవాడి మీద వేసిన రాయి వచ్చి తగలడమే. కాబట్టి ఈ వాక్యం ఉందా లేదా అన్నది మనకు ప్రీమియం కంటే ముఖ్యం. బావ కాగితాల్లో అది లేదు.

ఇక నాలుగోది, దాడి ఎవరిదో తేల్చే పద్ధతి. కంప్యూటర్ ఏ దేశంలో ఉందో ఆ దేశపు ప్రభుత్వం ఫలానా దేశం చేసిందని ప్రకటిస్తే అది ముందు చూస్తారు. ప్రకటన ఆలస్యమైనా, అసలు రాకపోయినా, బీమా కంపెనీ ఇతర ఆధారాలతో సహేతుకంగా ఒక నిర్ణయానికి రావచ్చు. మార్కెట్‌లో ఈ పేరా ఉన్న క్లాజులూ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి.

ప్రభుత్వ ప్రకటన అంటే తిరుగులేనిదని అనుకుంటాం. 2020 అక్టోబరు 12న ముంబైలో గంటల తరబడి కరెంటు పోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి చివర్లో ఒక అమెరికా సంస్థ, చైనాతో సంబంధమున్న హ్యాకర్లు మన విద్యుత్ వ్యవస్థల్లోకి చొరబడ్డారని నివేదిక ఇచ్చింది. ఆ వెంటనే మహారాష్ట్ర హోంమంత్రి సైబర్ విద్రోహం జరిగి ఉండొచ్చన్నారు. ఒక్క రోజు తేడాతో కేంద్ర విద్యుత్ మంత్రి, ముంబై చీకటికి కారణం మనుషుల పొరపాటే, సైబర్ దాడి అనడానికి ఆధారం లేదన్నారు. రాష్ట్రం మాట ఒకటి, కేంద్రం మాట ఒకటి. ఆ రోజు ముంబైలో ఒక కోల్డ్ స్టోరేజీ వాడికి సైబర్ పాలసీ ఉందనుకోండి. ఏ ప్రభుత్వం మాట పట్టుకుని అతని క్లెయిమ్ తేల్చాలి?

ప్రభుత్వాలు ఇంకో దేశం పేరెత్తేటప్పుడు సాక్ష్యమొక్కటే చూడవు, విదేశాంగ సంబంధాలూ చూసుకుంటాయి. చెప్పాలనుకున్నప్పుడు చెబుతాయి, వద్దనుకుంటే ఊరుకుంటాయి. ఒక చిన్న ఫ్యాక్టరీ క్లెయిమ్ అలాంటి ప్రకటనకు కట్టేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఋజువు భారం ఎవరిది

ఇక్కడ మనకో అండ ఉంది. నష్టం జరిగిందని, అది పాలసీ పరిధిలో ఉందని చూపించడం మన పని. మినహాయింపు వర్తిస్తుందని ఋజువు చేయడం బీమా కంపెనీ పని. లండన్ నమూనా క్లాజుల్లోనే ఈ మాట రాసి ఉంది. మన సుప్రీంకోర్టు కూడా టెక్స్‌కో మార్కెటింగ్ కేసులో, 2022 నవంబరులో, ఇదే చెప్పింది. క్లాజులో మాట రెండర్థాలకు తావిస్తే పాలసీదారుడికి మేలు చేసే అర్థమే తీసుకోవాలని 1966 నాటి చందుమల్ జైన్ కేసు నుంచీ వస్తున్న సూత్రం.

అయితే మాట స్పష్టంగా ఉంటే కోర్టు జాలిపడదు. 2004లో హర్‌చంద్ రాయ్ కేసులో దొంగతనం జరిగింది నిజమే. కానీ పాలసీ నిర్వచనంలో బలవంతంగా లోపలికి చొరబడి ఉండాలని ఉంది. ఆ ఆనవాళ్లు లేవు కాబట్టి క్లెయిమ్ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే నిర్వచనాల పేజీని వదిలేసి సంతకం పెట్టొద్దని అందరికీ చేతులు పట్టుకుని చెబుతుంటాను.

బావ అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఎవరు చేశారో ఎవరూ చెప్పకపోతే, చెప్పడానికి ఆధారమే లేకపోతే, మినహాయింపు నిలబడకూడదు. నిజానికి మామూలు ర్యాన్సమ్‌వేర్‌లో ఎక్కువ భాగం డబ్బు కోసం చేసేదే. దానికి యుద్ధం క్లాజు అడ్డం రాదు.

చిక్కు వచ్చేది మధ్యలో ఉన్నవాళ్లతో. పహల్గాం ఉగ్రదాడి తర్వాత దేశపు వెబ్‌సైట్ల మీద 15 లక్షల దాడులు జరిగాయనీ, పారినవి 150 మాత్రమేననీ 2025 మేలో మహారాష్ట్ర సైబర్ విభాగం లెక్క చెప్పింది. వాటిలో చాలావరకు జెండా పట్టుకుని తిరిగే హ్యాకర్ గుంపుల పని. వాళ్లు దేశం తరఫున చేస్తున్నారా, సొంత ఆవేశంతోనా? చాలా పాలసీల్లో యుద్ధాన్ని మినహాయించి, సైబర్ టెర్రరిజాన్ని మళ్లీ కవర్‌లోకి తెచ్చే వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఉంటే ఇలాంటి గుంపుల దాడి కవర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఐటీ చట్టం 66ఎఫ్ సెక్షన్‌లో సైబర్ టెర్రరిజానికి ఒక నిర్వచనం ఉంది గానీ, క్లెయిమ్‌కు లెక్కలోకి వచ్చేది పాలసీ రాసుకున్న నిర్వచనమే.

ఇంకొక మినహాయింపును కూడా చూడాలి, దానికి యుద్ధంతో పనిలేదు. కరెంటు గ్రిడ్, ఇంటర్నెట్, టెలికం లాంటి బయటి సేవలు ఆగిపోవడం వల్ల వచ్చే నష్టాన్ని చాలా పాలసీలు కవర్ చేయవు. దాడి గ్రిడ్ మీద జరిగి మీ ఫ్యాక్టరీ ఆగితే, యుద్ధమా కాదా అన్న చర్చ దాకా వెళ్లకుండానే కథ ముగుస్తుంది.

దాడి జరిగిన రోజు చేసేది కూడా క్లెయిమ్‌ను నిలబెడుతుంది, పడగొడుతుంది. 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం, గమనించిన ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్‌కు తెలియజేయాలి. బీమా కంపెనీకి పాలసీలో చెప్పిన గడువులో రాతపూర్వకంగా చెప్పాలి. కంగారులో కంప్యూటర్ చూసే కుర్రాడు ఫార్మాట్ కొట్టేస్తే, కంప్యూటర్‌లో జరిగినది నమోదయ్యే లాగ్ ఫైళ్లు, దొంగలు డబ్బడుగుతూ వదిలిన నోట్ ఫైలు అన్నీ పోతాయి. అది దొంగల ముఠా పనేనని చూపించే సాక్ష్యం సాధారణంగా వాటిలోనే ఉంటుంది, అంటే యుద్ధం వాదనకు మీ దగ్గరున్న జవాబును మీరే చెరిపేసుకున్నట్టు. హార్డ్ డిస్క్ తీసి పక్కన పెట్టి, వేరే డిస్క్ మీద పని మొదలుపెట్టండి.

కంపెనీ కాదంటే దారులున్నాయి. సొంత యాజమాన్య సంస్థలు, సూక్ష్మ పరిశ్రమలు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, 50 లక్షల వరకు. వ్యాపార సంస్థ కూడా బీమా విషయంలో వినియోగదారుడేనని 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టిన ప్రీమియం 50 లక్షల లోపైతే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉన్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు.

ఆ సాయంత్రం బావా నేనూ కలిసి కంపెనీకి ఒక మెయిల్ రాశాం. దాడి వేరే దేశం మీద గురిపెట్టినదైతే మా నష్టం కవర్ అవుతుందా? ప్రభుత్వం ఏ దేశం పేరూ చెప్పకపోతే ఎవరి ఆధారాలతో నిర్ణయిస్తారు? ఆ నిర్ణయం వచ్చేదాకా కంప్యూటర్లు బాగుచేసే ఖర్చు ముందు ఇస్తారా? నాలుగు రోజులకు జవాబొచ్చింది. మొదటిదానికి, వేరే ఎండార్స్‌మెంట్ ఇస్తాం, ప్రీమియం కొంచెం పెరుగుతుందన్నారు. రెండోదానికి, ఋజువు భారం మాదేనని రాతలో ఒప్పుకున్నారు. మూడోదానికి "క్లెయిమ్ వచ్చినప్పుడు పరిశీలిస్తాం" అని ఒక్క ముక్క.

బావ ఆ మెయిల్ ప్రింటు తీయించి, పాలసీకి పిన్ను కొట్టి, బీరువాలో పెట్టాడు. మూడో ప్రశ్నను మళ్లీ పంపాడు.